జామీను

తెల్లబూట్లు వేసుకున్న క్రాంతి కుమార్ పత్తిచేను గట్టు మీద నిలబడి, దిగాలా వద్దా అని బురద వైపు చూస్తున్నాడు. పొద్దున పడ్డ జల్లుకు సాళ్ళ మధ్య రేగడి జిగటపట్టి ఉంది. జోగులమ్మ అతన్ని చూసీ చూడనట్టే మొగ్గ మీదికి వంగింది. ఈ వేళప్పుడు చేతిలో పని వదలడానికి లేదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో చుట్టూ గాటు పెట్టి, రేకలనూ పుప్పొడినీ ఒక్క తిప్పుకు ఊడదీసి, నడుమనున్న సన్నకాడను మాత్రం మిగల్చాలి. గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. తెల్లవారి మగ సాళ్ళలోంచి పువ్వులు కోసుకొచ్చి ఆ కాడకు అద్దితే కంపెనీకి కావలసిన విత్తనం పడుతుంది. ఏ మొగ్గనైనా మరిచిపోతే అది దానంతట అదే పూసి, దానంతట అదే కాయ కడుతుంది. దాన్ని 'సెల్ఫు' అంటారు. అది కలిసిందంటే పరీక్షలో మొత్తం విత్తనం తప్పినట్టే.

"వదినా, జర మాట్లాడాలె," అన్నాడు క్రాంతి గట్టు మీంచే.

వెనకనే సతీష్, డేవిడ్ కారు దిగారు. ముగ్గురూ జోగులమ్మ భర్త శ్రవణ్ కుమార్‌తో పదో తరగతి దాకా కలిసి చదివినవాళ్ళు. క్రాంతికి గద్వాలలో పురుగుమందుల దుకాణం ఉంది. సతీష్ పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు చేసి చేసి ఇప్పుడు ట్రాక్టర్లు అమ్ముతున్నాడు. డేవిడ్ నాగర్‌కర్నూల్‌లో బడిపంతులు. ముగ్గురూ కట్టగట్టుకుని చేనుదాకా ఎందుకొచ్చారో అక్కడున్న కూలీలందరికీ తెలుసు. సెప్టెంబరులో ఈ స్నేహితులు నలుగురూ జర్మనీ పోవాలని ఉగాదినాడు అనుకున్నారు. అక్కడేదో ఊళ్ళో బీరు జాతర జరుగుతుందట. ఊరంత డేరాల కింద బల్లలేసుకుని, బ్యాండు మేళం వింటూ, లీటరు పట్టే గ్లాసులతో తాగుతారట. ఆ వీడియోలు శ్రవణ్ ఫోన్లోంచి కూలీల ఫోన్లలోకి కూడా వచ్చాయి. చేతినిండా గ్లాసులు మోసుకుపోయే ఆ దేశపు ఆడవాళ్ళను చూసి, "ఈమె మన కాడికొస్తె కందికట్టె మోపులు ఎత్తిపియ్యొచ్చు" అని కూలీల్లోని ఏసమ్మ అంటే చేనంతా నవ్వింది.

జోగులమ్మ కూడా నవ్వింది. అప్పటికింకా ఆ ముచ్చట తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకు తెలియదు.

శ్రవణ్ మెడలో తులసిమాల ఉంది. పోయిన తొలి ఏకాదశికి, జూరాల డ్యామ్‌కు ఎగువన ఏటి ఒడ్డునున్న పాండురంగడి గుళ్ళో వేసుకున్నాడు. తాగుడు మానాలనుకున్నవాళ్ళకు ఆ గుళ్ళో మాల వేస్తారు. అయితే వేసుకునేవాడు ఒక్కడే వస్తే వెయ్యరు. వాడి మెడకు జామీను ఉండేవాళ్ళు కావాలి. పెళ్ళామో తల్లో తోడబుట్టినదో పూజారి ముందు నిలబడి, తన చేత్తోనే మాల వేసి, "ఈ మెడకు నేను జామీను, ఇది తప్పితే పాపం నాది" అనాలి. అప్పుడు పూజారి ఆ మాలలోంచి ఒక పూస తీసి జామీనుదారుకు ఇస్తాడు. జోగులమ్మ దాన్ని దారంతో పుస్తెలతాడుకు కట్టుకుంది. మొగ్గ మీదికి వంగినప్పుడల్లా అది పుస్తెల కన్నా ముందు జారి, గాలిలో వేలాడి, లేచేసరికి రొమ్ముకు తగులుతుంది. మాల ఉన్నన్నాళ్ళూ కోడీ చేపా ఏ నీసూ ముట్టకూడదు, ఏకాదశికి పస్తుండాలి. ఈ నియమాలు వేసుకున్నవాడికి ఎంతో జామీనుకూ అంతే. ఏడాది నిండిన తొలి ఏకాదశికి మాల కొత్తగా ఎక్కించుకోవచ్చు, లేదంటే దింపుకోవచ్చు. ఎక్కించాలన్నా దింపాలన్నా జామీనుదారు రావలసిందే. ఆ ఏకాదశి ఈ ఆదివారమే.

క్రాంతి బూట్లు విప్పి చేత్తో పట్టుకుని సాల్లోకి దిగాడు. ఆమె వెనకాలే నడుస్తూ ఉన్నదంతా చెప్పుకొచ్చాడు. వీసాకు వేలిముద్రలు వేయడానికి వచ్చేవారం పట్నం పోవాలి. బల్ల బుక్ చేసింది నలుగురికి. శ్రవణ్ రాకుంటే మొత్తం ఆగిపోతుంది. ఎట్లాగంటే సతీష్ భార్య రజిత, "శ్రవణన్న వస్తేనే నిన్ను తోల్త, ఆయన మాలల ఉన్నడు, మిమ్ముల కనిపెట్టుకొని ఉంటడు" అని తెగేసి చెప్పింది. క్రాంతి ఇంట్లోనూ అదే మాట. డేవిడ్ మాత్రం తన భార్య రోజాకు, మన మిషన్ దొరల తాతలది ఆ దేశమే, వాళ్ళ చర్చిలు చూసొస్తానని చెప్పి ఒప్పించాడు.

"మాల ఉన్నోడని పంపుతుంటె, మాల ఎట్ల దింపుతరు?" జోగులమ్మ మొగ్గ ఊడదీస్తూ అడిగింది.

దానికీ వాళ్ళ దగ్గర ఉపాయం ఉంది. ఆదివారం గుళ్ళో అసలు మాల దింపి, గద్వాల బజారులో కొన్న తులసిమాల మెడలో వేస్తారు. ఇక్కడి ఆడవాళ్ళకు అదే కనబడుతుంది. విమానం ఎక్కినాక దాన్ని తీసి సంచిలో వేసుకుంటాడు. వదిన చేయవలసిందల్లా రెండే: గుళ్ళో దింపడానికి ఒప్పుకోవడం, రజితా వాళ్ళూ అడిగితే మాల ఉన్నదనడం.

"ఆయనను అడుగుండ్రి."

"ఆయన నిన్ను అడుగుమన్నడు వదినా. అంత నీ చేతులనే ఉన్నదంట."

సతీష్ గట్టు మీంచి గొంతెత్తి, మేం ముగ్గురం లేమా, కన్నుల పెట్టుకొని చూస్కుంటం, మితం దాటితే నన్నడుగు, నాది పూచి అన్నాడు. డేవిడ్ అయితే బడిపిల్లల ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, మనిషి ఎప్పటికీ భయంతోనే మానుకుని ఉండడం మంచిది కాదని, మితంగా తాగడం నేర్చుకోవాలని, తాను పక్కనే ఉండి నేర్పిస్తానని చెప్పాడు. ఏసమ్మ అటు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

జోగులమ్మ ఔననలేదు, కాదనలేదు. వాళ్ళు పోయాక చూసుకుంటే తను ఏ సాలులో ఉన్నదో ఆమెకే తెలియలేదు.

*

పొద్దు గూకి ఇల్లు చేరేసరికి శ్రవణ్ అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడాదిగా ఆ కుర్చీ అక్కడి నుంచి కదలలేదు. చేతివేళ్ళు మాల మీద నడుస్తున్నాయి. పూస తీసినచోట చిన్న ముడి ఉంది. వేలు ఆ ముడి దగ్గరికొచ్చి ఆగుతుంది, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరుతుంది.

"ఇంతసేపాయె," అన్నాడు.

ఆమె కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. పొయ్యి మీద పప్పు పెట్టింది. అతను లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నూనె జర తగ్గించమన్నాడు. పసుపు వేశావా అని అడిగాడు. వేశానంది. మూత తీసి చూసి, సరేనన్నట్టు తలూపి, కుర్చీ దగ్గరికి పోయి, కాసేపటికి చాయ కావాలన్నాడు. తాగే రోజుల్లో ఈ వేళకు బండి తీసుకుని గద్వాల పోయేవాడు. ఆయన బండి మలుపు తిరగంగానే పక్కింటి జమ్ములమ్మా, ఎదురింటి ఆడవాళ్ళూ చేటలు పట్టుకుని ఈ అరుగు మీదికే వచ్చేవాళ్ళు. పల్లీలు ఒలిచినంతసేపు ఒలిచి, నవ్వినంతసేపు నవ్వి పోయేవాళ్ళు. ఇప్పుడు అరుగు మీద మగమనిషి కూర్చుని ఉంటాడు కాబట్టి ఎవరూ రారు.

ఆ మాట తలపుకు వచ్చినప్పుడల్లా జోగులమ్మకు తన మీద తనకే అసహ్యం పుడుతుంది. ఆ సాయంత్రాల వెంట రాత్రులు కూడా ఉండేవి. లుంగీ తడిసిన మనిషిని వాకిట్లోంచి ఈడ్చుకురావడం, కక్కింది కడగడం, కాలువ వంతెన కింద పడ్డాడని తెలిసి కర్నూలు దవాఖానకు పరుగెత్తడం. కాలికి కట్టు విప్పగానే తనే బతిమాలి ఆ గుడికి తీసుకుపోయింది. తన చేత్తోనే మాల వేసింది. ఎవరూ బలవంతపెట్టలేదు. నాలుగిళ్ళ వాళ్ళు, మొగుణ్ణి మనిషిని చేసుకున్నదని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు ఆ మనిషి తాగడం లేదు, కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉంటాడు. ఆమె చూపు అతని మీద, అతని చూపు ఆమె మీద. సంతకు పోయినా, పుట్టినిల్లు వీపనగండ్ల పోయినా మనసు అతని గొంతు దగ్గరే ఉండాలి. తమ్ముడి కొడుకు పుట్టెంట్రుకలకు యాట కోస్తే, అందరూ తింటుంటే తను పెరుగన్నం ముందేసుకుని కూర్చుంది.

అత్త పెంటమ్మ మంచం మీంచి పిలిచింది. సాయంత్రం క్రాంతి వాళ్ళు ఆమె దగ్గరా కూర్చుని పోయారు. పరాయిదేశంలో నీళ్ళు పడక కొడుక్కి ఏమన్నా అయితే నీదే భారం అంటుంది ఒకసారి. సోపతిగాళ్ళందరూ పోతుంటే నా కొడుకొక్కడే మూల కూర్చుంటే నలుగుర్లో ఏం మర్యాద, అదీ నీ వల్లే అంటుంది ఇంకోసారి. "పూస కట్టుకున్నదానివి నువ్వు. ఎట్ల జేస్తవో నువ్వే జెయ్యి," అని గోడ వైపు తిరిగి పడుకుంది. వనపర్తి హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న కూతురు శ్రీజ ఫోన్ చేసి, నాన్నను పంపకు అమ్మా, నువ్వు గట్టిగా ఉంటే ఆయన గట్టిగా ఉంటాడు అని బుద్ధి చెప్పింది. ఆ పిల్ల నాన్నకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పలేదు.

గిన్నెలు తోమడానికి జోగులమ్మ పెరట్లోకి వచ్చింది. అవతల పశువుల కొట్టం దగ్గర శ్రవణ్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"నాకేం ఉన్నది రా. నేను ఎప్పుడో రెడీ. ఈమెనే ఒప్పుకుంటలేదు. మొఖం మాడ్సుకొని కూసున్నది."

గిన్నె ఆమె చేతిలో ఆగింది. అటువైపు నుంచి ఏమన్నారో, అతను నవ్వాడు. "ఏం జేద్దాం రా, మా ఇంట్ల ఎస్సై ఈమెనే" అన్నాడు. వెనక్కి తిరిగి ఆమెను చూసి ఫోన్ పెట్టేశాడు.

"నేను వద్దని ఎప్పుడన్న?" జోగులమ్మ అడిగింది.

అతను గాటిలోంచి గడ్డిపరక తీసి తుంచుతూ నిలబడ్డాడు. "ఔనని గూడ అనలే గద."

"నీకు పోవాల్నని ఉన్నదా?"

బర్రె తోక విసిరితే పక్కకు జరిగాడు. "పోతె తాగుత," అన్నాడు చివరికి. "తాగకుండ కూసునేంత లావు నాకు లేదు. ఇంట్ల కూసుంటె ఒక తీరు, ఆడ కూసుంటె ఒక తీరు." తర్వాత కొంచెం దగ్గరికొచ్చాడు. "నువ్వు వద్దను. ఒక్కమాట. నేను ఆగిపోత. ఈమె పోనిస్తలేదని చెప్పుకుంట."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ మొహం ఎటు పోవాలన్నా దారి ఆమె మీంచే ఉంది. వద్దంటే, ఏటా ఆ జాతర వీడియోలు వచ్చినప్పుడల్లా, బతికున్నన్నాళ్ళూ, నీవల్లే పోలేదు అంటాడు. ఔనంటే, ఏ బల్ల కింద పడినా నువ్వే కదా దింపావు అంటాడు. బుక్కెడు మన్ను నోట్లో పోసినట్టయింది. గిన్నె కింద పెట్టి చేతులు కడుక్కుంది.

"ఆదివారం గుడికైతె పోదాం," అంది.

అతను అది ఏ లెక్కన తీసుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

*

తెల్లవారి చేనికి పోయేసరికి నడిమి సాళ్ళలో పసుపుపచ్చగా పువ్వులు నవ్వుతున్నాయి. నిన్న క్రాంతి వెంటపడి మాట్లాడినప్పుడు ఆమె విడిచిన మొగ్గలే అవన్నీ. అన్నీ సెల్ఫులే. జోగులమ్మ తల పట్టుకుంది. కూలీలు మగ పూలు అద్దుతుంటే, ఏసమ్మా తనూ ఆ సాళ్ళలో పడి విచ్చుకున్న పువ్వులన్నీ తెంపి ఒడిలో వేసుకున్నారు. శ్రవణ్ గట్టు మీదికి వచ్చి ఆ ఒడి చూశాడు. "పనిల ధ్యాస ఉండాలె," అని ఒక్క మాట అని, నీళ్ళ మోటరు వైపు పోయాడు.

"సోపతిగాళ్ళు ఆయనోల్లు, పువ్వులు నీయి," అంది ఏసమ్మ ఆయనకు వినబడనంత దూరం పోయాక. ఆమె కూలీలకు మేస్త్రి. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. ఏటా పూలద్దే ఈ క్రాసింగ్ కాలమంతా పక్కపక్కనే సాళ్ళు పట్టి నడుస్తారు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్ది విప్పినప్పుడు ఏసమ్మ గిన్నెలోంచి ఎండుచేపల పులుసు వాసన గుప్పున వచ్చింది. జోగులమ్మ నోట్లో నీళ్ళు ఊరాయి. ఏసమ్మ గబుక్కున మూతపెట్టి, "మరిచిపోయిన అక్కా, నువ్వు జామీనుల ఉన్నవ్ గద" అని, గిన్నె తీసుకుని చెట్టు అవతలికి జరిగింది. చెట్టు మొద్దుకు ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని తిన్నారు. తింటూ తింటూనే ఏసమ్మ అవతలి నుంచి మాట్లాడింది. వాళ్ళన్న యేసయ్యకు గట్టు తగాదాలో కేసు అయినప్పుడు మేనమామ జామీను ఉన్నాడట. అన్న వాయిదాలకు పోకుండా బొంబాయి పని మీద తిరుగుతుంటే, పోలీసులు వచ్చి మేనమామ వాకిట్లో కూర్చునేవాళ్ళట. తప్పు చేసినోడు హాయిగా ఉన్నాడు, పూచి ఉన్నోడికి తిండి సయించేది కాదట.

"ఎన్నాళ్ళని చూస్తడు? ఒకనాడు కోర్టుకు పోయి, నాతోని కాదు దొరా, నా జామీను నాకు వాపసు ఇయ్యుండ్రి అన్నడు. ఇచ్చిండ్రు."

జోగులమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపింది. "గట్ల గూడ ఇస్తరా?"

"అడిగితె ఇస్తరంట. మా మామ చెప్పిందాంక మాకు గూడ తెల్వదు."

"మీ అన్న ఏమాయె మరి?"

"ఏమైతడు? నెత్తి మీదికొస్తదని తెలిసినంక వాయిదాలకు వాడే పోయిండు. రెండు వాయిదాలు తప్పి మళ్ళ జైలుకు గూడ పోయిండనుకో." ఏసమ్మ గిన్నె కడిగి బోర్లించింది. "ఏదన్న గాని, మామ మాత్రం అన్నం తిన్నడు."

ఆ సాయంత్రం జోగులమ్మ ఒక్క మొగ్గ కూడా విడవలేదు.

*

ఆదివారం సతీష్ కారులో బయలుదేరారు. వెనక సీటులో డేవిడ్‌కూ క్రాంతికీ నడుమ శ్రవణ్, ముందు సీటులో జోగులమ్మ. అందరూ ఆమెకు ఎన్నడూ లేనంత మర్యాద చేస్తున్నారు. ఏసీ ఎక్కువైందా వదినా అని ఒకరు, పస్తున్నావు కదా కొబ్బరినీళ్ళు తాగుతావా అని ఇంకొకరు. క్రాంతి జేబులో కాగితం పొట్లం ఉంది. అందులో బజారు మాల. దాన్ని రెండుమూడుసార్లు తీసి చూసి, పూసలు మరీ కొత్తగా మెరుస్తున్నాయి, కొంచెం నూనె రాస్తే పాతబడతాయి అన్నాడు. సతీష్, మా రజితకు పూసలు చూసే చూపు లేదులే, ట్రాక్టరు రంగు మారినా కనిపెట్టదు అన్నాడు. ముగ్గురూ నవ్వారు. శ్రవణ్ కిటికీలోంచి చూస్తున్నాడు. జూరాల డ్యామ్ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా చేపలు వేయించే డేరాలు. మూకుళ్ళలోంచి లేచిన పొగ కారు అద్దం సందులోంచి లోపలికి వచ్చింది. ఎవరో అద్దం ఎక్కించారు.

గుడి చిన్నది. ముందర రేకుల పందిరి, కింద ఏటి మెట్లు. పందిరి కింద అప్పటికే జనం ఉన్నారు. కొందరు మాల ఎక్కించుకోవడానికి, కొందరు దింపుకోవడానికి వచ్చినవాళ్ళు. మగవాళ్ళు తలలు దించుకుని, ఆడవాళ్ళు కొంగులు కప్పుకుని వరుసలో కూర్చున్నారు. ఎవరు ఎందుకొచ్చారో ఆడవాళ్ళ మొహాలు చూస్తే తెలిసిపోతుంది అనుకుంది జోగులమ్మ. కాసేపు చూసింది. తెలియలేదు. అందరివీ ఒక్క తీరుగానే ఉన్నాయి.

పూజారి దాసప్ప నది అవతలి కన్నడపు పల్లె మనిషి. ముసలివాడు. పొద్దు వాలి శ్రవణ్ వంతు వచ్చేసరికి కళ్ళజోడు సర్దుకుని ఇద్దరినీ చూశాడు. "ఎక్కించేదా, దింపేదా?"

శ్రవణ్ జోగులమ్మ వైపు చూశాడు. స్నేహితులు ముగ్గురూ పందిరి గుంజ దగ్గర నిలబడి ఆమె వైపే చూశారు. దాసప్ప కూడా ఆమె వైపే పళ్ళెం జరిపాడు. దింపేదైతే ఆమె కొంగు పట్టాలి, భర్త మాల తీసి అందులో వేయాలి, ఆమె దాన్ని పళ్ళెంలో పెట్టాలి.

జోగులమ్మ కొంగు పట్టలేదు. మెడలోంచి పుస్తెలతాడు పైకి తీసి, పూసకు కట్టిన దారం ముడి విప్పసాగింది. ఏడాది చెమటకు, పసుపుకు ముడి బిగుసుకుపోయింది. మొగ్గలు గిల్లి గిల్లి ఆమె బొటనవేలి గోరు నల్లబడి పదునెక్కి ఉంది. ఆ గోరు సందులో పెట్టి మెల్లగా తిప్పితే ముడి వదులైంది. పూసను తీసి పళ్ళెంలో పెట్టింది.

"ఎక్కియ్యనీకి రాలేదు, దింపనీకి రాలేదు అయ్యా. నా జామీను వాపసు ఇయ్యనీకి వచ్చిన."

"యాక తాయి?" దాసప్ప ముందు కన్నడంలో అడిగి, తర్వాత తెలుగులోకి వచ్చాడు. "ఎందుకమ్మా? తాగిండా?"

"తాగలే. ఏడాది నిలబడ్డడు."

"మరింకేమి?"

"ఆయన మెడ ఆయనది. నేనెంతని కాయాలె?" ఆమె గొంతు పెద్దది కాలేదు. చేలో పక్క సాలువాళ్ళతో మాట్లాడినట్టే ఉంది. "ఆయన పోతె పోనిచ్చిననంటరు, ఆగితె ఆపిననంటరు. ఆయనను అడిగేటోల్లు ఒక్కలు లేరు. ఇది తప్పితె పాపం నాదని పోయినేడు నేనే అన్న. ఇయ్యాల అది నాది కాదని చెప్పిపోత."

వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు కొంచెం జరిపి ఆమెను చూశారు. దాసప్ప పళ్ళెంలో పూసను వేలితో దొర్లించాడు. ఇన్నేళ్ళల్లో ఇట్లా అడిగినవాళ్ళు లేరని, జామీను ఉన్నవాళ్ళు చచ్చిపోతే మాత్రం ఇంకొకరి మీదికి మార్చామని చెప్పాడు.

"నేను సచ్చిందాంక ఎందుకయ్యా. మార్చు," అంది జోగులమ్మ.

దాసప్ప తలెత్తి శ్రవణ్ వెనక్కి చూశాడు. "సోపతిగాళ్ళు వచ్చినట్టున్నరు. మీల ఎవరన్న ఉంటరా జామీను? ఏడాది నీసు ముట్టొద్దు. ఇతను తప్పితె పాపం మీది."

క్రాంతి ఫోన్ తీశాడు. అది మోగలేదు, అయినా చెవి దగ్గర పెట్టుకుని మెట్ల వైపు దిగిపోయాడు. సతీష్, నాకు సంతల తిరుగుడు స్వామీ, నియమం నిలువది అన్నాడు. డేవిడ్ చేతులు జోడించి, మాది వేరే మతం, లేకుంటే తప్పకుండా ఉందును అన్నాడు. వరుసలోంచి ఎవరో ముసలామె ఫక్కుమని నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శ్రవణ్ చేయి మాల మీదికి పోయింది. "గిదేంది జోగులూ," అన్నాడు. అది కోపం కాదు. మోకాలి లోతని దిగి, కాలికి నేల తగలని మనిషి గొంతు అది. "పది మందిల గిట్ల ఇడిసిపెడ్తవా?"

"ఇడిసిపెడ్తలేను. ఇంట్లనే ఉంట. నీ అన్నం వండుత. నీ మాల మాత్రం నువ్వు చూస్కో."

దాసప్ప గర్భగుడి వైపు తిరిగి చూశాడు. లోపల పాండురంగడు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముసలాయన పూసను తీసి శ్రవణ్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "ఇది నీ మాలలదే. మళ్ళ గుచ్చుకుంటవో, అంత తీసి ఈడ పెడ్తవో, సాయంత్రం మంగళారతి దాంక టైమున్నది. నువ్వే చెప్పు. ఈ అమ్మను అడగకు," అని, తర్వాతి జంటను పిలిచాడు.

జోగులమ్మ మెట్లు దిగి, ఏటి నీళ్ళతో మొహం కడుక్కుని, పైకి వచ్చింది. వంగినప్పుడు అలవాటుగా చేయి రొమ్ము దగ్గరికి పోయింది, జారే పూసను పట్టుకోవడానికి. అక్కడ రెండు పుస్తెలే ఉన్నాయి. గుడి ముందర డ్యామ్‌ వైపు పోయే ఆటో ఒకటి నిలబడి ఉంది. నలుగురు మగవాళ్ళూ కారు దగ్గర గుంపుగా ఏదో మాట్లాడుకుంటున్నారు, అంటే ముగ్గురు మాట్లాడుతున్నారు. ఆమె ఎవరినీ అడగకుండా ఆటో ఎక్కింది.

డ్యామ్ దగ్గర దిగింది. గేట్లు రెండు ఎత్తినట్టున్నారు, నీళ్ళ హోరు రోడ్డు దాకా వినబడుతోంది. మొదటి డేరాలోనే ఒక ఆడమనిషి మసాలా పట్టించిన ముక్కలను మూకుట్లో వదులుతోంది. జోగులమ్మ బల్ల మీద కూర్చుని ఒక ప్లేటు చెప్పింది. ఆ మనిషి ఆమె నుదుటి బొట్టునూ, తడిసిన కొంగునూ చూసి, గుడి నుంచి వచ్చినట్టున్నావు, ఇయ్యాల ఏకాదశి గద అక్కా అంది.

"నాది అయిపోయింది," అంది జోగులమ్మ.

చేప వేడిగా వచ్చింది. పైన కారం, పక్కన ఉల్లిపాయ, నిమ్మచెక్క. మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పాపం ఎట్లా ఉంటుందోనని కొంచెంసేపు చూసింది. ఉప్పు కొద్దిగా ఎక్కువైంది, అంతే.

రెండో ముక్కలో ఉన్నప్పుడు కారు వచ్చి రోడ్డు అవతల ఆగింది. శ్రవణ్ ఒక్కడే దిగాడు. లోపలున్నవాళ్ళు దిగలేదు, హారనూ కొట్టలేదు. అతను వచ్చి బల్లకు ఎదురుగా కూర్చున్నాడు. మాల మెడలోనే ఉంది. కుడిచేయి పిడికిలి బిగించి ఉంది. ప్లేటు వైపు చూశాడు, ఆమె వేళ్ళ వైపు చూశాడు. ఏమన్నా అంటాడేమోనని ఆమె ఎదురుచూడలేదు.

పిడికిలి విప్పి పూసను బల్ల మీద పెట్టాడు. గాలికి దొర్లకుండా వేలు అడ్డం పెట్టాడు.

"ఆరతి టైం అయితున్నది," అన్నాడు. "ఏం జెయ్యాల్నో చెప్పు."

జోగులమ్మ ముక్కను వెలుతురుకు తిప్పి, వేళ్ళతో సన్నగా చీల్చింది.

"ముండ్ల చేప," అంది. "తినేటప్పుడు మాట్లాడియ్యకు."